నాలుకకు తెలిసిన వగరు

ఫినాల్ ఇనుమును పట్టుకుంటుందని ఏటా పిల్లలకు చేసి చూపించే కెమిస్ట్రీ మాస్టారిని నేను. పరీక్షనాళికలో కాస్త ఫినాల్ ద్రావణం తీసుకుని ఒక్క చుక్క తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే చాలు, చూస్తుండగానే వంకాయరంగుకు తిరుగుతుంది. ఫినాల్ బదులు టానిన్లున్న ఆకురసం తీసుకుంటే రంగు ఇంకా ముదిరి నీలం కలిసిన నలుపో, పచ్చని నలుపో అవుతుంది. అంత పాఠం చెప్పినవాడిని, రక్తం తక్కువై నీరసపడ్డ నా భార్య చేతికి ఐరన్ మాత్రతో పాటు టానిన్లు నిండిన ఆకు కషాయం గ్లాసు కూడా అందించాను. ఆమెకు మేలు చేస్తున్నానన్న నమ్మకంతో రోజూ అందించాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలాంటి గ్లాసులు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి.

మొదలైంది మా కాలేజీ ల్యాబ్‌లో. చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల దొరికే ఆకుల్లో యాంటీఆక్సిడెంట్ శక్తి కొలుద్దామన్నాను. జామ, తులసి, పుదీనా, మునగ, కరివేపాకు. కొలవడానికి వాడింది డీపీపీహెచ్ అనే పొడి. దాన్ని మెథనాల్‌లో కరిగిస్తే ముదురు వంకాయరంగు ద్రావణం వస్తుంది. ఆ అణువులో జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది, అంటే అదొక ఫ్రీ రాడికల్. మామూలు ఫ్రీ రాడికల్స్ రెప్పపాటులో మాయమైపోతాయి, ఇది మాత్రం సీసాలో నిలకడగా ఉంటుంది. ఆకురసం పోస్తే అందులోని పాలీఫినాల్స్ దానికి హైడ్రోజన్ ఇస్తాయి, వంకాయరంగు విరిగి లేత పసుపు మిగులుతుంది. 517 నానోమీటర్ల దగ్గర రంగు ఎంత తగ్గిందో చూసి శక్తి లెక్క కడతాం. 1958లో బ్లాయిస్ ‘నేచర్’ పత్రికలో ఈ పద్ధతి రాశాడు. ఖర్చు తక్కువ, గంటలో తేలిపోతుంది, అందుకే మన దేశంలో ఏ మొక్క మీద పరిశోధనాపత్రం తీసినా ఈ పరీక్ష కనబడుతుంది.

జామాకు రసం పోసినప్పుడు చూడాలి. కుదిపేలోపే రంగు పోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ ఒళ్లు పులకరించింది. పెరట్లో రాలిపోయే ఆకులో ఇంత శక్తి ఉందా అన్న సంతోషంలో నిజాయితీ లేకపోలేదు. కానీ కళ్లముందు జరిగిన దానికి ఒక అడుగు ముందుకేసి, ఒంట్లోనూ ఇలాగే జరుగుతుందని నేనే కలుపుకున్నాను. డెన్హమ్ హార్మన్ 1956లో ముసలితనానికి ఫ్రీ రాడికల్స్ కారణమన్న సిద్ధాంతం ప్రతిపాదించిన సంగతి నాకు తెలుసు. రాడికల్స్ చెడ్డవి, ఆకు వాటిని చంపుతుంది, కాబట్టి ఆకు మంచిది. మూడు వాక్యాలు వరసగా పేర్చుకుంటే లోకమంతా అర్థమైపోయినట్టు అనిపించింది.

ఒక అమ్మాయి అడిగింది కూడా: “సార్, ఇది తాగితే ఒంట్లో కూడా ఇలాగే పనిచేస్తుందాండీ?” చేస్తుందమ్మా అన్నాను. ఆలోచించకుండా అన్నాను. ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది.

ఆ నెలలోనే ఇంట్లో ఆకులు ఎండబెట్టడం మొదలుపెట్టాను. నీడలో, పల్చటి గుడ్డ పరిచి, గలగలమనేదాకా ఎండనిచ్చి, నలిపి, స్టీలు డబ్బాల్లో పోసేవాణ్ని. జామాకు ఎక్కువ పాళ్లు, కాస్త పుదీనా, కాస్త తులసి, గుప్పెడు మునగాకు. నీళ్లు తెర్లాక ఆకు వేసి, సారం బాగా దిగాలని సగానికి మరిగించేవాణ్ని. ముదురు తేనెరంగు వచ్చేది. మొదటిసారి తాగినప్పుడు నా భార్య మొహం చిట్లించి, “నోరంతా పట్టేసినట్టుందండీ” అంది. వగరంటేనే పాలీఫినాల్ ఉన్నట్టు, ఎంత వగరైతే అంత మంచిదని సర్దిచెప్పాను.

ఆ మాట అన్నప్పుడైనా నాకు తట్టాల్సింది. టానిన్ నోట్లోని లాలాజలంలో ఉండే ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేస్తుంది. జారుడు పోయి నాలుక గరగరలాడుతుంది, అదే వగరు. మన పెద్దవాళ్లు విరేచనాలయితే లేత జామ చిగుళ్లు నమలమనేది ఈ గుణాన్ని నమ్ముకునే. దొరికినదాన్ని పట్టుకుని కట్టేయడం టానిన్ స్వభావమని ఆమె నాలుక చెప్పింది. నేను డిగ్రీలు చదివి ఆ మాట వినలేదు.

అప్పటికే ఆమె ఒంట్లో బాగాలేదు. నలభైల్లో ఉన్న ఆడవాళ్లు చాలామంది పడే బాధే, నెలసరి రక్తస్రావం ఎక్కువైంది. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చునేది. దువ్వెన నిండా జుట్టు. బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లినప్పుడల్లా గుప్పెడు పచ్చిబియ్యం నోట్లో వేసుకుని నమిలేది. చిన్నపిల్లలా ఏమిటిదని నేను కసురుకునేవాణ్ని. ఒంట్లో ఇనుము తరిగిపోయినవాళ్లకు బియ్యం, మట్టి, బలపాలు తినాలనిపించడం ఒక లక్షణమని ఆ తర్వాత తెలిసింది. ఆమె ఒళ్లు గుర్తు చూపిస్తుంటే నేను అలవాటు బాగాలేదని తిట్టాను.

పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర ఉంది. ఆడవాళ్లకు పన్నెండుకు తగ్గితేనే రక్తహీనత అంటారు. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, మాత్రతో గానీ భోజనంతో గానీ టీ, కాఫీలు తాగొద్దని చెప్పింది. ఇంటికొచ్చాక నా భార్య సందేహపడింది: “ఏమండీ, మరి ఈ కషాయమో?” ఇందులో టీ ఆకు ఒక్క రేకు కూడా లేదు, ఇది మన పెరటి ఆకు, నీకు బలమని చెప్పాను. మునగాకులో ఇనుము కూడా ఉందన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. కెమిస్ట్రీ చెప్పే మనిషి చెప్తుంటే ఇంక అడగడానికేముంది?

ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని టిఫిన్ తర్వాత వేసుకునేది. మాత్ర గొంతులో ఆడుతున్నట్టుంటుందని పైన వేడివేడిగా కషాయం తాగేది. గ్లాసు నేనే అందించేవాణ్ని. రాత్రి అన్నం తిన్నాక ఇంకో గ్లాసు. నెలలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె కదిలీ కదలనట్టు ఉంది. అప్పుడు నేనన్న మాటే ఇన్నాళ్లూ నన్ను తినేస్తున్నది. “మాత్ర సరిగ్గా వేసుకుంటున్నావా, మర్చిపోతున్నావా?” అన్నాను. ఆమె ఏమీ అనకుండా ఖాళీ మాత్రల అట్టలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్క మాత్ర మిగల్లేదు. అయినా నా బుర్ర కషాయం వైపు పోలేదు. అరుగుదల సరిగ్గా లేదేమో, తిండి తక్కువైందేమో అని వెతికాను. నేను ఇస్తున్నది మంచిదన్న నిర్ణయం నాలో ఎప్పుడో అయిపోయింది. తప్పు ఇంకెక్కడో ఉండాలి, ఆ ఇంకెక్కడో చివరికి ఆమే అయింది.

రెండోసారి డాక్టరు దగ్గర ప్రశ్న తిన్నగా వచ్చింది. “మాత్ర దేంతో వేసుకుంటున్నారమ్మా?” నా భార్య సంతోషంగా చెప్పింది, మావారు స్వయంగా ఆకులు ఎండబెట్టి కాచి ఇస్తారండీ, టీ అసలు మానేశాను అని. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు. ఏయే ఆకులో అడిగి, అవన్నీ మాత్రకూ భోజనానికీ దూరంగా జరపమని, రక్తస్రావానికి స్కానింగ్ చేయించమని కాగితం మీద రాసింది.

ఆ రాత్రి మా ప్రాజెక్టు రిపోర్టు తీసి చదివాను. డీపీపీహెచ్ ఫలితాల తర్వాతి పేజీలోనే ఇంకో పరీక్ష ఉంది. ఫెర్రోజిన్ అనే రసాయనం ఫెర్రస్ ఇనుముతో కలిస్తే 562 నానోమీటర్ల దగ్గర కొలవగల రంగు వస్తుంది. ఆకురసం ముందే ఇనుమును పట్టేసుకుంటే ఆ రంగు తగ్గుతుంది. ఎంత తగ్గితే ఆకుకు అంత గొప్ప. ఎందుకంటే ఒంట్లో విడిగా తిరిగే ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఫెంటన్ 1894లో గమనించిన చర్య అది. ఇనుమును కట్టేస్తే ఆ చర్య ఆగుతుంది కాబట్టి దాన్ని కూడా యాంటీఆక్సిడెంట్ గుణాల్లోనే జమ వేస్తారు. మా రిపోర్టులో జామాకు ఎదురుగా నా చేత్తో దిద్దిన వాక్యం ఉంది, ఇనుమును బంధించే సామర్థ్యం ప్రశంసనీయమని. ఇనుము కోసం అల్లాడుతున్న మనిషి పక్క గదిలో నిద్రపోతోంది. నేను ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాను.

మర్నాడు ఇంటి కషాయం చిన్న సీసాలో ల్యాబ్‌కు తీసుకెళ్లి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేశాను. సిరాలా నల్లబడింది. నిజానికి ఒకప్పుడు సిరా చేసిన తీరే అది, కరక్కాయ రసంలో ఇనుము లవణమైన అన్నభేది కలపడం. ఆ నాళికను దాచకుండా ఇంటికి తెచ్చి ఆమెకు చూపించి, జరిగింది చెప్పాను. ఆమె పుట్టిల్లు శ్రీకాళహస్తి. కలంకారీ వేసేవాళ్ల వీధిలో పెరిగింది. అక్కడ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లలో కలం ముంచి గీస్తే, గీసినచోటల్లా నల్లటి గీత తేలుతుంది. ఎన్ని ఉతుకులైనా ఆ నలుపు పోదు. ఆమె నాళిక వైపు చూసి, “కరక్కాయ గుడ్డ మీద ఇనుపనీళ్లు పడినట్టేగా” అంది. నేను చెప్పవలసిన పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఉతికినా వదలనంత గట్టి బంధం పేగులో మాత్రం వదులుతుందా?

అప్పుడు చదవడం మొదలుపెట్టాను, ముందే చదవాల్సినవి. దక్షిణాఫ్రికాలో డిస్లర్ బృందం టీ వల్ల ఇనుము ఒంటబట్టడం తగ్గుతుందని 1975లోనే చూపించింది, తిండిలోని ఇనుముతో పాటు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో కూడా. 1999లో హరెల్, రెడ్డి, కుక్ నన్ను నేరుగా ఉద్దేశించి రాశారా అనిపించే పని చేశారు. రొట్టెతో పాటు రకరకాల పానీయాలు ఇచ్చి, ఇనుము ఎంత రక్తంలోకి చేరిందో కొలిచారు. బ్లాక్ టీ 79 నుంచి 94 శాతం దాకా అడ్డుకుంది. టీ ఆకు ఒక్క రేకు కూడా లేని పెప్పర్‌మింట్ కషాయం 84 శాతం అడ్డుకుంది. చామంతి జాతి పువ్వయిన కామొమైల్ కూడా 47 శాతం. పాలు కలిపినా పెద్ద తేడా రాలేదు. స్వీడన్‌లో బ్రూనే, హాల్‌బెర్గ్ బృందం 1989లో ఇంకొంచెం లోతుకు పోయి, గాలిక్ ఆమ్లంలో లాగా మూడు హైడ్రాక్సిల్‌లు పక్కపక్కన ఉన్న శకలాలు ఎన్ని ఉంటే ఇనుముకు అంత అడ్డం అని తేల్చింది. డీపీపీహెచ్ రంగును రెప్పపాటులో విరిచేవాటిలోనూ ఆ శకలాలే ముందుంటాయి. అంటే నా పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్న ఆకును ఏరికోరి ఆమెకు ఎక్కువ పాళ్లు కలిపాను.

ఒక్క మాట ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. ఆమె రక్తం పెరగకపోవడానికి నా కషాయం ఒక్కటే కారణమని నేను రుజువు చేయలేను. రక్తస్రావం ఆగలేదు, అది పెద్ద కారణం. కానీ మాత్ర లోపలికి వెళ్తున్న దారిలో అడ్డం పెట్టింది నేను. పైగా స్కానింగ్ ముందే చేయించాలన్న ఆలోచన రాకుండా చేసింది కూడా ఈ కషాయం మీద ధీమాయే. అంతా నేను చూసుకుంటున్నానని అనుకున్నాను.

యాంటీఆక్సిడెంట్ అన్న ఒక్క బోర్డు కింద ఎన్ని రకాల పదార్థాలను కలిపేశానో అప్పుడు అర్థమైంది. విటమిన్ సి కూడా యాంటీఆక్సిడెంటే. అది ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపంలోకి తెస్తుంది, పేగు గోడ లోపలికి తీసుకునేది ఆ రూపాన్నే. మాత్రతో నిమ్మరసం తాగమనేది అందుకు. అదే బోర్డు కిందున్న టానిన్ ఇనుమును ముడివేసి బయటికి పంపేస్తుంది. పచ్చి మునగాకు 100 గ్రాముల్లో ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా, విటమిన్ సి వంద మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటాయి. నేనేం చేశాను? ఎండబెట్టి, నలిపి, సగానికి మరిగించాను. గాలికీ వేడికీ విటమిన్ సి చాలావరకు పోయింది. టానిన్ ఎండబెట్టినా చెక్కుచెదరలేదు, మరిగినకొద్దీ నీళ్లలోకి దిగింది. సాయం చేసేదాన్ని తీసేసి అడ్డుపడేదాన్ని చిక్కబరిచాను.

అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తే, దానికి జవాబు నేను చెప్పినంత తేలిక కాదు. డీపీపీహెచ్ అనే రాడికల్ మనిషి ఒంట్లో లేదు. మెథనాల్‌లో మనం బతకం. తాగిన పాలీఫినాల్స్‌లో కొద్ది భాగమే పేగు దాటుతుంది, దాటినదాన్ని కాలేయం వెంటనే రూపు మార్చేస్తుంది. రక్తంలో వాటి మోతాదు మామూలుగా లీటరుకు ఒక మైక్రోమోల్ దాటదు. మన సొంత యూరిక్ ఆమ్లమే అదే రక్తంలో రెండు మూడు వందల మైక్రోమోల్స్ ఉంటుంది, అదీ యాంటీఆక్సిడెంటే. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఓర్యాక్ అన్న కొలతతో తిండి పదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తికి పెద్ద పట్టిక పెట్టింది. ఆ అంకెలకూ మనిషి ఆరోగ్యానికీ సంబంధం చూపలేమని, వ్యాపార ప్రకటనల్లో దుర్వినియోగమవుతున్నాయని 2012లో దాన్ని తీసేసింది. అంతకన్నా బాధాకరమైనది ఫిన్లాండ్ అనుభవం. పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద చేసిన పరిశీలనలో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చినట్టు 1994లో తేలింది. అమెరికాలో అలాంటిదే ఇంకో పరిశీలనను 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. వాళ్లూ నాలాగే మేలు చేద్దామనే మొదలుపెట్టారు. కానీ వాళ్లు లెక్క పెట్టారు, లెక్క ఎదురు తిరిగినప్పుడు ఆపి లోకానికి చెప్పారు. నేను నా భార్య మీద అలాంటి ప్రయోగమే చేస్తూ, అంకె కదలకపోతే ఆమెను అనుమానించాను.

ఆకు మీద నాకు కోపం లేదు. రక్తం సరిపడా ఉన్నవాళ్లు రెండు భోజనాల మధ్య ఒక గ్లాసు తాగితే ఏ నష్టమూ లేదు, చక్కెరా పాలూ నిండిన టీ రోజంతా తాగడం కన్నా అదే నయం. ఒంట్లో ఇనుము మితిమీరి పేరుకుపోయే జబ్బులున్నాయి. కొన్ని రకాల తలసీమియాలో, హీమోక్రొమటోసిస్‌లో భోజనంతో పాటు టీ తాగితే ఇనుము చేరడం తగ్గుతుందని చూశారు. నేను నా భార్యకు ఇచ్చిన ఆ గ్లాసే అలాంటి ఇంట్లో పనికొచ్చే వస్తువు అయ్యుండేది. ఎవరికి, ఎప్పుడు, దేంతో కలిపి అన్న మూడు ప్రశ్నలు వేయకుండా ఆకును మంచిదనో చెడ్డదనో అనడమే నేను చేసిన పని.

ఇప్పుడు ఆమె మాత్ర పొద్దున నిమ్మనీళ్లతో వేసుకుంటోంది. కషాయమైనా కాఫీ అయినా భోజనానికి గంట ముందూ గంట తర్వాతా లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ టీ, కాఫీల గురించి ఇదే ఉంది. రక్తస్రావానికి వైద్యం జరిగింది. అంకె పన్నెండు వైపు కదులుతోంది. పచ్చిబియ్యం నమలడం ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

నాకు మిగిలిన పని ఒకటుంది. ఉత్సాహంలో ఆ ఆకుపొడి పొట్లాలు కట్టి చాలామందికి ఇచ్చాను. బంధువులకు, తోటి అధ్యాపకులకు, పైవీధిలో ఆడవాళ్లకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నేను పొట్లం ఇచ్చిన ఇళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు నా భార్య లాంటివాళ్లే అయ్యుండొచ్చు. అందుకని ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాను. ఆ ప్రాజెక్టు చేసిన పిల్లల్లో నంబరు దొరికినవాళ్లకు కూడా చేశాను. ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఒక స్కూల్లో సైన్సు చెబుతోంది. నేనిచ్చిన జవాబు తప్పని, ఎందుకు తప్పో వివరంగా చెప్పాను. ఆమె మా రిపోర్టులో ఫెర్రోజిన్ పేజీ ఫోటో తీసి పంపమంది, క్లాసులో చూపిస్తానని.

నిన్న మా మేనకోడలికి చేశాను. ఐదో నెల. పొట్లం తీసుకెళ్లింది ఆమే. “మాత్రతో తాగుతున్నావా తల్లీ?” అంటే, “లేదు మావయ్యా, వగరు నాకు పడలేదు, డబ్బాలోనే ఉంది” అంది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. మరి మునగాకు కూడా మానేయాలా అని అడిగింది. అక్కర్లేదమ్మా, పచ్చి ఆకు పెసరపప్పులో వేసి వండుకో, దించాక నిమ్మకాయ పిండు, పైన కాఫీ మాత్రం తాగకు, మాత్ర మానకు, ఏ సందేహమొచ్చినా నన్ను కాదు, మీ డాక్టరును అడుగు అని చెప్పాను. తర్వాతి నంబరు మా పైవీధి ఆవిడది.